‘డాక్టర్’ కావాలంటే... ప్రశ్న కావాలి!

కోరుట్లలో ఓ మధ్యతరగతి ఇల్లు. అమ్మాయి ఎంబీయే పూర్తిచేసింది. మార్కులు బాగానే వచ్చాయి. మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ‘ఇంకెన్నేండ్లు చదువుతవు బిడ్డా?’ అన్నాడు నాన్న. ‘అప్పటిదాకా పెండ్లి ఆపుతరా?’ అంది ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తున్న నానమ్మ. ‘గంత కష్టమెందుకు? పైసలు కడితే రెండేండ్లల్ల పట్టా ఇచ్చేటోళ్లున్నరట గదా’ అన్నాడు మేనమామ.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. జగిత్యాలలోనైనా, సిరిసిల్లలోనైనా పిల్లలు పీహెచ్‌డీ మాటెత్తగానే వినిపించే ప్రశ్నలివే. ఎన్నేళ్లు? పెళ్లెలా? ఎంత ఖర్చు? మూడూ న్యాయమైన ప్రశ్నలే. మూడింటికీ సమాధానాలున్నాయి. అసలు అడగాల్సిన నాలుగో ప్రశ్నే ఎవరూ అడగరు... ‘దేనిమీద చేస్తవు?’ అని!

ఎన్నేళ్లు... ఎలా?

యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది. గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన యూనివర్సిటీ అనుమతితో మరో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. మహిళలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. కాన్పు, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల వరకూ సెలవు తీసుకోవచ్చు. పెళ్లయి వేరే ఊరికి వెళ్లాల్సివస్తే అక్కడి విద్యాసంస్థకు తన పరిశోధనను బదిలీ చేయించుకునే వీలూ ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి పెళ్లి కోసం చదువును, చదువు కోసం పెళ్లిని ఆపాల్సిన పనిలేదు.

పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు అయిదు శాతం సడలింపు ఉంటుంది. యూజీసీ నెట్ రాసినవారిలో జేఆర్‌ఎఫ్‌కు ఎంపికైతే నెలకు 37 వేల రూపాయలు, రెండేళ్ల తర్వాత 42 వేలు ఫెలోషిప్ వస్తుంది. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన మొత్తాలివి. మేనేజ్‌మెంట్, కామర్స్ రెండూ నెట్‌లో విడివిడి సబ్జెక్టులు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా నెట్ మార్కుతో పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత పొందే పద్ధతి 2024లో వచ్చింది.

ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. లక్ష్యం లెక్చరర్ ఉద్యోగం ఒక్కటే అయితే పీహెచ్‌డీ తప్పనిసరేమీ కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకాలకు నెట్ లేదా సెట్‌నే కనీస అర్హతగా చేస్తూ యూజీసీ 2023 జులైలో నిబంధన మార్చింది. పరిశోధన మీద నిజంగా మనసున్నవారికే ఈ అయిదారేళ్లు అర్థవంతం.

కట్టేది కాదు... వచ్చేది!

మేనమామ మాట దగ్గరే జాగ్రత్తపడాలి. మంచి పీహెచ్‌డీ ప్రోగ్రామ్ విద్యార్థి దగ్గర లక్షలు పుచ్చుకోదు, తనే నెలనెలా ఎంతో కొంత ఇస్తుంది. ఐఐఎంలలో ట్యూషన్ ఫీజు ఉండదు, స్టైపెండ్ ఉంటుంది. అహ్మదాబాద్, కోల్‌కతా ఐఐఎంలలో డాక్టొరల్ ప్రోగ్రామ్ 1971లో మొదలైంది. చాలాకాలం ‘ఫెలో’ అనే బిరుదే ఇచ్చేవారు. ఐఐఎం చట్టం 2018 జనవరిలో అమల్లోకి వచ్చాక పీహెచ్‌డీ పట్టా ఇవ్వడం మొదలుపెట్టారు. పేరున్న అమెరికన్ బిజినెస్ స్కూళ్లలోనూ అంతే. జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరుతో సీటొస్తే ఫీజు మినహాయించి, జీవనభృతి ఇచ్చి చదివిస్తారు.

దగ్గర్లో చదవాలనుకుంటే కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన, వరంగల్‌లో 1976 నాటి కాకతీయ, హైదరాబాద్‌లో ఉస్మానియా, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉద్యోగం చేస్తున్నవారు యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు. అంతేగానీ దూరవిద్యలో పీహెచ్‌డీ చెల్లదు. ఆన్‌లైన్ కంపెనీలు విదేశీ సంస్థల పేరుతో అమ్మే పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే హెచ్చరించాయి. 2025 జనవరిలోనైతే రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు అయిదేళ్లపాటు పీహెచ్‌డీ విద్యార్థులను చేర్చుకోకుండా యూజీసీ నిషేధించింది. అంటే ‘రెండేండ్ల పట్టా’కు పోయేది డబ్బు మాత్రమే కాదు. రేపు ఇంటర్వ్యూలో పట్టా పక్కన పెట్టేస్తే పరువూ పోతుంది.

దేనిమీద?

ఇక నాలుగో ప్రశ్న. చాలామంది సీటు వచ్చాక టాపిక్ వెతుక్కుంటారు. గైడు చెప్పినదో, సీనియరు వదిలేసినదో పట్టుకుంటారు. రెండేళ్లయ్యేసరికి విసుగొస్తుంది. పీహెచ్‌డీలు సగంలో ఆగిపోవడానికి తెలివి తక్కువై కాదు... తనదనుకునే ప్రశ్న లేకే.

ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో పీజీ చేసిన కృష్ణ పాలేపు తర్వాత కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివారు. అమెరికాలోని ఎంఐటీలో డాక్టరేట్ చేసి, 1983లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అధ్యాపకుడిగా చేరారు. ఆయన, తరుణ్ ఖన్నా కలిసి 1997లో ఓ వ్యాసం రాశారు. అందులోని ఆలోచన సూటిగా చెప్పాలంటే ఇదీ: సంపన్న దేశాల్లో సరుకు నాణ్యత చూసేవాళ్లు, సమాచారం ఇచ్చేవాళ్లు, అప్పిచ్చేవాళ్లు, తగవు తీర్చేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. మన లాంటి దేశాల్లో ఆ ఏర్పాట్లు సరిగా ఉండవు. ఆ ఖాళీని ఎవరో ఒకరు పూరిస్తారు. పెద్ద పెద్ద వ్యాపార కుటుంబాలు అన్ని రంగాల్లోకీ విస్తరించడానికి కారణం ఆ ఖాళీలేనని వారు వాదించారు. 2010లో దీనిమీద పుస్తకం కూడా తెచ్చారు.

హార్వర్డ్‌లో పుట్టిన ఆ ఆలోచన పట్టుకుని మన ఊళ్లు చూస్తే? ఖాళీని పూరించే ‘నడిమి మనిషి’ అడుగడుగునా కనిపిస్తాడు. సిరిసిల్లలో నూలిచ్చేదీ, బట్ట తీసుకునేదీ, అవసరానికి అడ్వాన్సు ఇచ్చేదీ చాలాసార్లు ఒక్కరే. ఆ నూలుతో ఆసామి సాంచెలు నడిపిస్తాడు, కార్మికుడు నేసినదాని లెక్కన కూలీ తీసుకుంటాడు. కోరుట్లలో ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు లెక్కపెట్టి తీసుకునే కమీషన్‌దారు ఉంటాడు. జగిత్యాల మామిడి రైతుకూ ఢిల్లీ వ్యాపారికీ మధ్య కమీషన్ ఏజెంటు ఉంటాడు. గల్ఫ్ వెళ్లే కుర్రాడికి వీసా ఏజెంటు ఉంటాడు. వీళ్లు దోచుకుంటున్నారా? లేక ఎవరూ మోయని నష్టభయాన్ని మోస్తున్నారా? ఏ పనికి ఎంత తీసుకుంటున్నారు? ఇవన్నీ నిఖార్సయిన మేనేజ్‌మెంట్ ప్రశ్నలు.

అయితే టాపిక్ వేరు, ప్రశ్న వేరు. ‘సిరిసిల్ల మరమగ్గాలు - సమస్యలు, పరిష్కారాలు’ అనేది టాపిక్. దానితో సర్వే చేసి నాలుగు పట్టికలు వేయొచ్చు, కొత్తగా ఏమీ తెలియదు. 2017లో సిరిసిల్లకు బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు వచ్చాయి. 2023 తర్వాత ఆ పంపిణీ ఆగింది. ‘పెద్ద కొనుగోలుదారు ఒక్కరే ఉన్న ఆరేళ్లలో ఆసాములు కొత్త మార్కెట్లు వెతకడం మానేశారా, లేక ఆ ధైర్యంతో కొత్త యంత్రాలు కొన్నారా?’ ఇదీ ప్రశ్న! దీనికి జవాబు సిరిసిల్లకే కాదు, ప్రభుత్వ ఆర్డర్ల మీద బతికే ఏ పరిశ్రమకైనా పనికొస్తుంది.

గైడును ఎలా ఎంచుకోవాలి?

యూనివర్సిటీ పేరు కన్నా గైడు ముఖ్యం. ‘శోధ్‌గంగ’ అనే వెబ్‌సైట్లో దేశంలోని యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. అందులో ఆ గైడు దగ్గర చేసినవారి థీసిస్‌లు రెండు మూడు చదవాలి. ఎప్పుడు చేరారో, ఎప్పుడు పూర్తిచేశారో ఆ విద్యార్థులనే అడగాలి. నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లకన్నా తక్కువ ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. ఈ రెండూ ముందే కనుక్కుంటే మధ్యలో గైడు మారే తిప్పలు తప్పుతాయి.

చేరాక మొదటి ఏడాది కోర్సువర్కులో గణాంకశాస్త్రాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రశ్న ఎంత గొప్పదైనా లెక్క తప్పితే థీసిస్ నిలబడదు. రోజుకో పేజీ రాసే అలవాటు మొదటి నెలనుంచే ఉండాలి. సాంచెల దగ్గరో, మార్కెట్ యార్డులోనో విన్నదాన్ని ఆ రాత్రే డైరీలో రాసిపెట్టుకోవాలి. నెలకోసారైనా గైడుకు రాసినది చూపించాలి. ఇతరుల రాతలు ఎత్తిరాస్తే దొరికిపోతారు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే థీసిస్ సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. డబ్బు తీసుకుని వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికల జోలికి పోకపోవడం మంచిది.

మళ్లీ కోరుట్ల ఇంటికి వద్దాం. ‘సరే గానీ, ఇంతకీ దేనిమీద చేస్తవు?’ అని చివరికి నాన్నే అడిగాడు. బీడీలు బాగాలేవని కమీషన్‌దారు పక్కన పడేస్తే ఆ నష్టం ఎవరి ఖాతాలోకి పోతుందో తేల్చాలని ఉందంది అమ్మాయి. నానమ్మ చేతిలోని దారం ఆగింది. చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

‘గట్లయితే ముందుగాల నన్నే అడుగు బిడ్డా. రాసుకో, చెప్త’ అంది.