అత్తమ్మ కథ అత్తమ్మ మాటల్లోనే

మీ ఇంట్లో కథలు చెప్పే పెద్దవాళ్లున్నారా? ఉంటే ఈ వారం వంట కాస్త తొందరగా ముగించుకుని, ఒక నోటుబుక్కు పట్టుకుని వాళ్ల దగ్గర కూర్చోండి.

మా అత్తమ్మకు ఎనభై దాటినయి. ఆమె కథలు రాసిపెట్టమని మా పాపకు చెప్పాను. చక్కటి దస్తూరీతో రాసింది. కానీ అత్తమ్మ "ముసల్ది అగ్గి తొక్కిన కోతి లెక్క ఉరికింది" అంటే, పాప "వృద్ధురాలు వేగంగా పరుగెత్తెను" అని రాసింది! చదివి వినిపిస్తే అత్తమ్మ "ఇది ఎవ్వరి కథ బిడ్డా?" అనడిగింది.

బడిలో నేర్పిన తెలుగు అది, పాపనేమనగలం? ఈ తంటా మన ఒక్కరిదే కాదు లెండి. నార్వే అని ఒక చలిదేశం. 1814 దాకా డెన్మార్కు రాజుల కింద ఉండేది. ఆ తర్వాత కూడా పుస్తకాల్లో డేనిష్ భాషే. ఇంట్లో ఒక మాట, కాగితం మీద ఒక మాట. అస్‌బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు స్నేహితులు ఊళ్లు తిరిగి కథలు విని, 1841 నుంచి 1844 దాకా భాగాలుగా అచ్చు వేయించారు. రాత డేనిషే అయినా, చెప్పినవాళ్ల ఇంటి పదాలను, మాట నడకను వదల్లేదు. వంతెన కింది రాక్షసుణ్ణి దాటిపోయే మూడు మేకపోతుల కథ వాళ్ల పుస్తకంలోదే. మన ఏడు చేపల కథలాగా పిల్లలు మళ్లీ మళ్లీ చెప్పించుకునేది.

ఇంకో ముచ్చట. అదే అస్‌బ్యోర్న్‌సెన్ 1864లో మారుపేరుతో వంటల పుస్తకం రాశాడు. ఆడవాళ్లు జావ దించే ముందు గుప్పెడు పచ్చిపిండి కలుపుతారు, అది దండుగ అన్నాడు. పెద్ద రభసే అయింది. ఐలర్ట్ సుంట్ అనే పండితుడు గృహిణుల పక్షాన నిలబడ్డాడు. కథ చెప్ప వచ్చినవాళ్లకు జావ కాయ రాదా, మీరే చెప్పండి!

మన దగ్గర ఈ పని చేసినవారు బిరుదురాజు రామరాజు గారు. 1925లో ఓరుగల్లు దిక్కు దేవనూరులో పుట్టారు. పల్లె పాటలు సేకరించి, వాటి మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా నుంచి డాక్టరేటు పొందారు. 1958లో అది 'తెలుగు జానపద గేయ సాహిత్యము' పేరుతో పుస్తకంగా వచ్చింది. కథలను మాత్రం 1974లో ఇంగ్లీషులో ఇచ్చారు, 'ఫోక్ టేల్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అని. తెలుగు రానివాళ్లూ చదువుకోగలిగారు, మంచిదే. అయితే "అగ్గి తొక్కిన కోతి" ఇంగ్లీషులో ఎట్లా ఉరుకుతుంది? పాటలో మాట మారిస్తే రాగం తప్పుతుంది, అందుకే పాట తన మాటను తానే కాపాడుకుంటుంది. కథకు ఆ కాపలా లేదు.

ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి గదా, ముందు రికార్డు చేసుకుని తర్వాత రాయండి. మధ్యలో సరిదిద్దకండి. అదే కథ రెండోసారి చెప్పినప్పుడు కొంచెం మారితే అదీ రాసుకోండి. చివర చెప్పినవారి పేరు, పుట్టినూరు, ఎవరి దగ్గర విన్నారో తప్పక రాయండి. మా అత్తమ్మ కాపురం సిద్దిపేటలో అయినా పుట్టిల్లు సిరిసిల్ల. ఆమె కథల్లో రాజుల కంటే మగ్గాలే ఎక్కువ.