నరము మీద నరము

"నరము" అన్న మాటను తెలుగువాడు ఎంత ఉదారంగా వాడుతాడో గమనించారా మిత్రులారా? రక్తం పారే సిర నరమే, ధమనీ నరమే, స్పర్శను మోసే నాడీ నరమే, మడమ దగ్గర బిగుసుకొనే స్నాయువూ నరమే. కావ్యపఠనానికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఆసుపత్రిలో మాత్రం ఉన్నది.

మా అక్కయ్యకు డెబ్బై రెండేళ్లు. నాలుగేళ్ల క్రితం కుడి దవడలో మెరుపు మెరిసినట్లు పోటు మొదలైంది. నిలిచేది క్షణకాలమే. కానీ ముఖం కడుక్కొన్నా, ముద్ద నమిలినా, ఫ్యాను గాలి చెంపకు సోకినా మళ్లీ వచ్చేది. ఇక్కడ ఒక దంతవైద్యుడు మొదట ఒక పన్ను, తరువాత దాని పక్కది, ఆపైన మరొకటి తీశాడు. పళ్లు పోయాయి, పోటు పోలేదు. ఈ వ్యాధి పడ్డవారిలో చాలామంది కథ ఇలాగే మొదలవుతుంది గనుక ఆయనను తప్పు పట్టబోవడం లేదు. చివరకు పెద్ద ఆసుపత్రిలో ఎమ్మారై తీయించి చూసిన వైద్యుడు "నరం మీద నరం పడింది, ఆపరేషన్ చేస్తే పోతుంది" అన్నాడు. బయటికి రాగానే అక్కయ్య నన్ను అడిగింది: "రెండిట్లో యా నరం తెంచుతార్రా నాయనా?"

ఆ వాక్యం విన్నవారెవరైనా అడగవలసిన ప్రశ్నే అది.

వైద్యుడు చెప్పదలచినది ఇది. ముఖపు స్పర్శను మెదడుకు చేరవేసేది అయిదవ కపాలనాడి, త్రిధార నాడి. కంటివైపు, పైదవడకు, కిందిదవడకు మూడు పాయలుగా చీలుతుంది గనుక ఆ పేరు. అది మెదడుకాండాన్ని కలిసే చోట ఒక ధమని దానిని ఆనుకొని, గుండె కొట్టుకొన్నప్పుడల్లా తాడిస్తూ ఉంటే నాడిపై పొర దెబ్బతిని, చిన్న స్పర్శ కూడా నొప్పిగా మారుతుంది. అందరిలోనూ కారణం ఇదే కాదు. కొందరిలో కణితి ఉండవచ్చు, కొందరిలో మల్టిపుల్ స్క్లెరోసిస్. ఎమ్మారై అందుకే. నాడిని రక్తనాళం ఒత్తడాన్ని అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1934లోనే గుర్తించినా, సూక్ష్మదర్శిని సాయంతో ఆ నాళాన్ని పక్కకు జరిపే చికిత్సను 1960ల నుండి నిలబెట్టినవాడు పీటర్ జనెట్టా. ఇందులో ఏ నరమూ తెంచరు. చెవి వెనుక పుర్రెలో చిన్న కిటికీ తెరచి, ధమనికీ నాడికీ నడుమ టెఫ్లాన్ దూది ఉంచుతారు. (అవును, దోసెపెనం మీది టెఫ్లానే!)

మన ప్రాచీనులకు ఇటువంటి నొప్పి తెలియనిది కాదు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో చెప్పిన పదకొండు శిరోరోగాలలో అనంతవాతమొకటి. లక్షణాలలో పోలిక కనబడుతుంది. రెండూ ఒకటేనని పందెం కాసేవారితో మాత్రం నేను ఏకీభవించను.

మొదట మందులే వాడాలి, సందేహం లేదు. కార్బమజెపీన్ చాలామందికి దివ్యంగా పనిచేస్తుంది. అయితే పెద్దవయసులో మగత, తూలు, రక్తంలో సోడియం తగ్గడం వంటివి వస్తాయి. ఒంటి మీద దద్దురు లేస్తే వెంటనే వైద్యుని చూడాలి. మోతాదు పెంచుకొంటూ పోయి, మనిషి సగం నిద్రలో బ్రతికే దశ వచ్చినప్పుడు శస్త్రచికిత్స మాట ఎత్తుతారు. ఇంకా ముందే ఎత్తాలని నా అభిప్రాయం.

నా అసలు ఫిర్యాదు "ఆపరేషన్" అన్న ఒకే మాట కింద వేరువేరు ధర్మాలు గల పనులన్నిటినీ చుట్టిపెట్టడం మీద. జనెట్టా పద్ధతి నాడిని కాపాడుతూ కారణాన్ని తొలగిస్తుంది. తక్కినవి నాడిని కావాలనే కొంత గాయపరుస్తాయి. చెంపగుండా సూది పంపి వేడితో కాల్చడం, గ్లిసరాల్ ఎక్కించడం, చిన్న బెలూన్ ఉబ్బించి నొక్కడం, గామా నైఫ్ కిరణాలు ప్రసరింపజేయడం. తల తెరవనక్కర లేదు, నిజమే. బదులుగా చెంప మొద్దుబారవచ్చు, కొన్నేళ్లకు నొప్పి తిరగబెట్టవచ్చు. కంటిపై స్పర్శ పోతే కన్నును కాపాడుకోవాలి. అరుదుగా మొద్దుబారిన చోటే మానని నొప్పి మిగులుతుంది. సూదితో ఉపశమనం సాధారణంగా వెంటనే వస్తుంది, కిరణాలతో వారాలో నెలలో ఆగాలి.

జనెట్టా బృందం 1996లో 1185 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది. పదేళ్ల తరువాత 70 శాతం మంది మందులు లేకుండా సుఖంగా ఉన్నారు. ఒక శాతం మందికి ఆవైపు వినికిడి పోయింది. మరణాలు రెండు. ఈ అంకెలు విన్నాక ఒకరు ధైర్యపడతారు, మరొకరు జడుస్తారు. ఇద్దరూ వివేకవంతులే. అంకెలే చెప్పకుండా "ఏం కాదులేమ్మా" అనడం నాకు రుచించదు.

మా బంధువులు మాత్రం రెండు మాటలే పట్టుకొన్నారు: "ఈ వయసులో తలా?", "మూతి వంకర పోతుందంట". మొదటిదానికి జవాబు, వయసుకన్న గుండె, ఊపిరితిత్తుల బలం ముఖ్యమని. రెండవది అయిదవ నాడికీ ఏడవ నాడికీ కలిగిన గందరగోళం. ముఖాన్ని కదిలించేది ఏడవది, నొప్పి అయిదవదానిది. అక్కయ్యకు గుండెలో స్టెంటు ఉన్నది గనుక వైద్యులతో ఆలోచించి సూది పద్ధతినే ఎంచుకొన్నది. చెంప మొద్దుబారింది, అన్నం తింటున్నది. గుండె గట్టిగా ఉన్నవారైతే తల తెరిపించుకోవడమే మేలని ఇప్పటికీ వాదిస్తాను.

తలజబ్బు అనగానే మావాళ్లు రాయవేలూరు బస్సెక్కడం అలవాటు. అందుకు కారణం లేకపోలేదు. దేశంలో మొదటి నాడీశస్త్రవైద్య విభాగాన్ని జేకబ్ చాందీ 1949లో అక్కడే నెలకొల్పాడు. ఇప్పుడు తిరుపతి, హైదరాబాదు, బెంగళూరు కూడా ఉన్నాయి. దూరం తగ్గింది. అక్కయ్య ముందు పెట్టిన అంగీకారపత్రం మాత్రం నాలుగు పుటల ఆంగ్లం. కింద తెలుగులో సంతకం చేసింది.

సిర, ధమని, నాడి, స్నాయువు అని బడిపిల్లలకు వేరువేరుగా నేర్పించిన మాటలనే ఆ పత్రంలోనూ వ్రాస్తే అడ్డేమున్నది? జనెట్టా పద్ధతికి నేను "నాడీపీడన విమోచనం" అనుకొన్నాను. పలకడానికి బరువుగా ఉందని మా మనుమడి ఆక్షేపణ. సూదితో కాల్చేదానికి, బెలూన్‌తో నొక్కేదానికి నాకింకా మంచి మాటలు తట్టలేదు. మీలో ఎవరికైనా తోస్తే వ్యాఖ్యలో వ్రాయండి. వైద్యులెవరైనా ఉంటే, మీ ఊళ్లో రోగులకు ఏ మాటతో చెబుతున్నారో కూడా.