బండలాగుడుకు బాట వేయండి
సంక్రాంతి నుంచి శివరాత్రి తిరునాళ్ల దాకా పల్నాట ఎడ్ల పోటీల సందడే. పళ్లు చూసి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లని జతలను విడదీస్తారు. గడువులోగా బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. తెలంగాణ నుంచీ జతలు వస్తాయి. గుంటూరు, సికింద్రాబాద్, మాచర్ల దారులు కలిసే నడికుడి జంక్షన్ చేరువలోనే ఉన్నా, ఏ ఊళ్లో ఎప్పుడు పోటీయో బయటివారికి తెలిసేది తక్కువ. రుషికొండ అలలకు, అరకు లోయకు చేసే ప్రచారంలో పిసరంత ఇటు మళ్లినా మేలే. పర్యాటక శాఖ తేదీల పట్టికను ముందే ప్రకటించాలి. జంక్షన్ నుంచి బస్సులు నడిపి, ఎత్తిపోతల జలపాతాన్ని, అనుపు బౌద్ధ కట్టడాలనూ అదే యాత్రలో కలపాలి. అయితే ముల్లుగర్ర పోట్లు, కొరడా దెబ్బలు ఆగాలి. బరి దగ్గర పశువైద్యుడు ఉండాలి. ఎద్దును హింసించే పోటీకి ప్రభుత్వ ప్రచారం దక్కకూడదు.