ఏం తీశారో తెలుగులో రాసివ్వండి

జిల్లా కేంద్రంలో గర్భసంచి ఆపరేషన్ల మీద సమావేశం పెట్టారు. ఆపరేషన్ అయిన ఆడవాళ్లను పిలిపించి, మైకిచ్చి, బాధలు చెప్పమన్నారు. చెప్పారు. కొందరు ఏడ్చారు, ఎవరో ఫొటోలు తీశారు. భోజనాలయ్యాక నిర్ణయాలు జరిగే గదిలోకి వెళ్లబోతే, ‘మీ పని అయిపోయిందమ్మా, టెక్నికల్ విషయాలు డాక్టర్లు చూసుకుంటారు’ అని గుమ్మం దగ్గరే ఆపేశారు. బీడీలు చుట్టేవాళ్లు, మిరప కోతలకు పోయేవాళ్లు, ఒక అంగన్‌వాడీ టీచరు ఆ వరండాలోనే కూర్చుని రాయించి, సంతకాలు, వేలిముద్రలు పెట్టిన ప్రణాళిక ఇది.

తెల్లబట్ట, నడుంనొప్పి అని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే క్యాన్సర్ భయం పెట్టి పట్నం పంపిన కథ మళ్లీ చెప్పనక్కర్లేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద 3.2 శాతమే. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. మరి ఇప్పటికే తీయించుకున్నవాళ్ల సంగతి? ఆ ఊసెత్తినవాళ్లు లేరు.

అందుకే వరండాలో కూర్చున్నవాళ్ల మొదటి డిమాండు ఒక్క వాక్యం: గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా, తీస్తే ఒకటా రెండా, డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయాలి.

చిన్న కోరికలా కనిపిస్తుంది గానీ, ఆ తర్వాతి వైద్యమంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండు అండాశయాలూ తీస్తే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఒంట్లో సెగలు, నిద్ర లేకపోవడం, కీళ్ల నొప్పులు ఒక్కసారిగా మీద పడతాయి; ఎముకలు వేగంగా గుల్లబారతాయి. 45 ఏళ్లలోపు రెండూ తీయించుకుని ఈస్ట్రోజన్ వాడనివారిలో మరణాలు ఎక్కువని మేయో క్లినిక్ పరిశోధకులు 2006లోనే చెప్పారు. ముట్టు మామూలుగా ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలన్నది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న వైద్యం. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ప్రొజెస్టిరాన్ అవసరం ఉండదు, ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. మాత్రగా మింగవచ్చు, జెల్‌గా రాసుకోవచ్చు, ప్యాచ్ అంటించుకోవచ్చు. చర్మం ద్వారా తీసుకుంటే రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రలకంటే తక్కువ.

అండాశయాలు ఉంచినా చిక్కు తీరదు. అవి మామూలుకంటే ముందే అలసిపోవచ్చు. ముట్టు లేని మనిషికి ఆ సంగతి తెలిసేదెలా? కాగితం లేకపోతే డాక్టరుకూ తెలియదు; ఇంట్లోవాళ్లు ‘వయసు మీద పడింది’ అంటారు. ముప్పై అయిదేళ్లకు!

‘హార్మోన్లంటే క్యాన్సర్’ అని నోరు మూయించడం ఇక చెల్లదు. ఆ భయం 2002 జూలైలో అమెరికాలో ఆగిపోయిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ హార్మోన్ మందుల పరీక్షతో ముదిరింది. అందులో ఆడవాళ్ల సగటు వయసు 63. అప్పుడు ఆపింది రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగాన్ని. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగం 2004 దాకా నడిచింది: పక్షవాతం ముప్పు పెరిగింది, రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. సగటున అరవై దాటినవాళ్ల లెక్క ముప్పైల్లో ఉన్న కూలి మనిషికి ఎలా వర్తిస్తుంది? రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, కాళ్లలో రక్తం గడ్డకట్టినవారికి, కాలేయం చెడినవారికి ఈ మందు సరిపడకపోవచ్చు. వాళ్లకు హార్మోన్ లేని మందులు చూపాలి. ఆ మాట ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి.

తమ ఒంటి గురించిన ఏ విషయమూ తమకు అర్థం కానంత టెక్నికల్ కాదని సంతకం చేసినవాళ్లు ప్రకటిస్తున్నారు. తమను బయట నిలబెట్టి చేసిన ఏ తీర్మానాన్నీ ఒప్పుకోరు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్ర పక్కన ఈస్ట్రోజన్ ఉచితంగా దొరికే రోజు వచ్చి తీరుతుంది. కూతుళ్లకు ఆ రోజు తెచ్చేది వాళ్లే. ఏఎన్‌ఎంలకు శిక్షణ ఇవ్వాలి. జిల్లా కమిటీల్లో ఆపరేషన్ అయిన స్త్రీలకు ఓటు ఉండాలి.

ఈలోగా ఊరూరా పాత డిశ్చార్జి కాగితాలు పోగుచేస్తున్నారు. కాగితం లేనివాళ్ల పేర్లు వేరే నోట్‌బుక్కులో ఎక్కుతున్నాయి. అండాశయాలు ఉన్నాయో లేవో చూసే స్కానింగ్, పని చేస్తున్నాయో లేదో తేల్చే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష వాళ్లందరికీ ఉచితంగా చేయాలని ఆ నోట్‌బుక్కుతోనే కలెక్టరేట్‌కు వెళతారు.