ఇంగ్లీషులో మన తప్పులు – వాటి వెనక మన తెలుగు

మన కళాశాలల్లో ఒక వింత వుంది. పది పన్నెండేళ్ళు ఇంగ్లీషు చదివి వచ్చిన కుర్రాణ్ణి క్లాసులో లేపి ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పమంటే గోడ వైపు చూస్తాడు. అదే కుర్రాడు క్యాంటీన్లో కూర్చుంటే గంటసేపు తెలుగులో అనర్గళంగా మాట్లాడతాడు. తెలివి లేక కాదు. తప్పు దొర్లుతుందేమోనని భయం. దొర్లితే పక్కవాళ్ళు నవ్వుతారని మరీ భయం. మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోనే సాగాలని 2021లో ప్రభుత్వం నిర్ణయించాక ఈ భయం ఇంగ్లీషు పీరియడుతో ఆగడం లేదు. చరిత్ర, వాణిజ్యం, వృక్షశాస్త్రం – అన్ని పరీక్ష హాళ్ళలోకీ వెంట వస్తోంది.

ఈ సందర్భంలో విద్యార్థి సోదర సోదరీమణులకూ, గురువులకూ నేను మనవి చేసేది ఒక్కటే. మనం ఇంగ్లీషులో చేసే తప్పుల్లో చాలా భాగం బుద్ధి లేక చేసేవి కావు. వాటి వెనక ఒక వ్యాకరణం వుంది. అది తెలుగు వ్యాకరణం. తప్పు చేసినవాణ్ణి చూసి నవ్వితే తప్పు పోదు. అది ఎక్కడినుంచి వచ్చిందో చూపిస్తే పోతుంది.

ఉదాహరణకి, "రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నాను" అన్నది లక్షణమైన తెలుగు వాక్యం. దాన్నే మాటకు మాట పెడితే "ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అవుతుంది. మనకు "నిరుడు జూన్ నుంచి" అన్నా, "రెండేళ్ళ నుంచి" అన్నా ఒకే "నుంచి". ఇంగ్లీషువాడు పని మొదలైన సమయానికి "సిన్స్" అనీ, గడిచిన కాలానికి "ఫర్" అనీ విడదీశాడు. పైగా అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "హావ్ బీన్ స్టడీయింగ్" అని వేరే రూపం పెట్టుకున్నాడు. మన "చదువుతున్నాను" ఆ రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. కనుక కుర్రాడు రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో వున్న తెలుగు.

"కెన్ యూ బారో మీ యువర్ పెన్?" అన్నది మరొకటి. మనకు పుచ్చుకున్నా అప్పే, ఇచ్చినా అప్పే. వాళ్ళకు పుచ్చుకోవడం "బారో", ఇవ్వడం "లెండ్". మనకు సినిమా చూసినా, వాచీ చూసినా, దారిలో స్నేహితుణ్ణి చూసినా ఒకే చూపు. వాళ్ళకు "వాచ్", "లుక్", "సీ" అని మూడు చూపులు. సలహాలు, సామాన్లు, వివరాలు మనకు బహువచనాలు. అందుకే చేయి తిరిగినవాళ్ళు కూడా "అడ్వైసెస్", "లగేజెస్", "ఇన్‌ఫర్మేషన్స్" అని రాసేస్తారు. ఇంగ్లీషులో ఆ మూడింటికీ బహువచనం వాడరు.

వీటన్నిటికంటె ప్రమాదమైనది "అవును"తో వస్తుంది. "నిన్న క్లాసుకు రాలేదా?" అని మాష్టారు అడిగితే "అవునండీ, రాలేదు" అంటాం. అంటే, మీరన్నమాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషులో "యస్", "నో" అన్నవి అడిగినవాడి మాటను బట్టి కాక, జరిగినదాన్ని బట్టి వుంటాయి. రాలేదు గనుక "నో" అనాలి. ఇంటర్వ్యూలో "డోంట్ యూ హావ్ ఎనీ ఎక్స్‌పీరియన్స్?" అన్నప్పుడు, లేదనే వుద్దేశంతో వినయంగా "యస్ సార్" అన్నామనుకోండి. ఎదుటివారు వుందనుకుంటారు. రెండో ప్రశ్నకు మన నోరు పెగలదు. అబద్ధం ఆడాడనే ముద్ర పడుతుంది! పాపం, వాడు ఆడింది అబద్ధం కాదు, తెలుగు.

ఇక చెవి చేసే తప్పులు కొన్ని. "ఏ" పెట్టాలా, "ఏన్" పెట్టాలా అన్నది అక్షరాన్ని బట్టి కాదు, ఉచ్చారణను బట్టి. "ఏ యూనివర్సిటీ", "ఏన్ అవర్". "ఏన్ ఎమ్మే డిగ్రీ" అనడమే ఒప్పు. కాని మనం దాన్ని "యమ్మే" అంటాం, ఎల్.ఐ.సి.ని "యల్లైసీ" అంటాం. ముందు "య" చేరేసరికి "ఏ యమ్మే డిగ్రీ" అన్నదే మన చెవికి సరిగ్గా వినిపిస్తుంది. సూత్రం తెలిసే వుంటుంది. దాన్ని మన ఉచ్చారణకు వర్తింపజేశాం, అంతే.

కొన్ని జంటలు మాత్రం తెలుగుతో నిమిత్తం లేకుండా అందర్నీ బోల్తా కొట్టిస్తాయి. సెలవు చీటీ పైన రాసే "ప్రిన్సిపల్" చివర "పి ఏ ఎల్" వుంటే కళాశాల పెద్ద, "పి ఎల్ ఇ" వుంటే సూత్రం. పోగొట్టుకునే "లూజ్"కు ఒక "ఓ", వదులుగా వుండే "లూస్"కు రెండు. "ఐ యామ్ ఏన్ అల్యూమ్నై ఆఫ్ దిస్ కాలేజ్" అని గర్వంగా రాసుకునే పెద్దలకు కూడా ఒక విన్నపం: "అల్యూమ్నై" బహువచనం. ఒక్కరే అయితే పురుషుడికి "అల్యూమ్నస్", స్త్రీకి "అల్యూమ్నా". తప్పులు కుర్రాళ్ళ సొత్తే కాదన్నమాట.

మరి పరభాష దగ్గర తడబడింది మనమేనా? ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో మన బందరులో వర్తక స్థావరం పెట్టారు. మచిలీపట్నం వారి నోట "మసూలిపటమ్" అయింది. మన పందికొక్కు వాళ్ళ నిఘంటువులో "బాండికూట్" అయి కూర్చుంది. ఆ పేరునే తీసుకెళ్ళి ఆస్ట్రేలియాలో వేరే జాతి జంతువుకు తగిలించారు. పందికొక్కుకూ దానికీ చుట్టరికం లేదు. ఎవరూ వాళ్ళని చూసి నవ్వలేదు. రేవు వాళ్ళ చేతిలో వుంది మరి!

మాటల సంపద ఒక పక్షానే వుంటుందని కూడా అనుకోవద్దు. గుడివాడ పరిసరాల్లో ఏ రైతుబిడ్డనడిగినా చెబుతాడు: చేలో వున్నది వరి, బస్తాలో మిల్లుకు వెళ్ళేది ధాన్యం, మిల్లులోంచి వచ్చేది బియ్యం, కంచంలో వున్నది అన్నం. ఇంగ్లీషువాడు "ప్యాడీ" అనే మాటను మలయ్ భాషనుంచి తెచ్చుకున్నాడు గాని, చేనుకూ కంచానికీ కూడా "రైస్"తోనే సరిపెట్టుకుంటాడు. మనకు "మనం" వేరు, "మేము" వేరు. వాళ్ళకు రెండూ "వుయ్". ప్రతి భాషా కొన్నిచోట్ల సన్నగా చీలుస్తుంది, కొన్నిచోట్ల కలిపేస్తుంది. ఆ చీలికలు కలవనిచోటే తప్పులు పుడతాయి.

ఇంతకీ, అర్థమైతే చాలదా, వ్యాకరణం ఎందుకు అనేవారున్నారు. వారికి దివిసీమను గుర్తుచేస్తాను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇంగ్లీషులో దాన్ని "టైడల్ వేవ్" అన్నవారున్నారు. "టైడ్" అంటే చంద్ర సూర్యుల ఆకర్షణ వల్ల రోజూ వచ్చే పోటు. తుఫాను గాలి సముద్రాన్ని నేలమీదికి నెట్టుకొచ్చేది "స్టార్మ్ సర్జ్". 2004 డిసెంబరు 26న వచ్చిన "సునామీ" సముద్రగర్భంలో భూకంపం వల్ల పుట్టింది. మూడూ నీళ్ళే. కాని ఒకటి పంచాంగం చూసి చెప్పొచ్చు, ఒకటి తుఫాను కదలికను బట్టి చెప్పొచ్చు, ఒకటి తీరాన్ని నిమిషాల్లోనే ముంచెయ్యొచ్చు.

వాతావరణ శాఖవారు ఈనాడు తుఫానుకు ముందు ఇచ్చే ప్రకటనలూ అంతే. 72 గంటల ముందు "వాచ్", 48 గంటల ముందు "అలర్ట్", 24 గంటల ముందు "వార్నింగ్". ఇవి మూడు వేర్వేరు మెట్లు. అన్నిటికీ కలిపి "హెచ్చరిక" అని ఒకే మాట రాస్తే నాగాయలంకలోనో, కోడూరులోనో వున్న జాలరికి ఏ మెట్టు మీద వున్నాడో తెలిసేదెలా? రేపు గ్రామ సచివాలయంలో కూర్చుని ఆ ప్రకటనను ఊరికి చెప్పవలసింది ఈ కళాశాలల్లో చదివే మనమే. అక్కడ మాట తడబడితే పోయేవి మార్కులు కావు.

కనుక తప్పుల్ని కూడా తూచి చూడాలి. "యస్–నో", "బారో–లెండ్", "అలర్ట్–వార్నింగ్" లాంటివి అర్థాన్నే తారుమారు చేస్తాయి. ముందు వీటిని దిద్దుకోవాలి. "సిన్స్–ఫర్" లాంటివి రాతలో చిన్నతనం తెస్తాయి. సాధనతో దిద్దుకోవాలి. ఇక మన యాస, మనదేశపు పలుకుబళ్ళు – వీటి గురించి సిగ్గుపడనక్కర్లేదు. మనవాళ్ళు వాడుతూ వచ్చిన "ప్రీపోన్" నేడు ఇంగ్లీషు నిఘంటువుల్లోనే చోటు సంపాదించుకుంది.

ఇందుకు తెలుగును దూరం పెట్టాలనడం నాకు సమ్మతం కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ దొర ఇంగ్లీషు బడి తెరిచిన వూరు బందరు. 1910లో జాతీయ కళాశాలను నిలబెట్టుకున్నదీ ఈ వూరే. ఇక్కడినుంచే పట్టాభి సీతారామయ్యగారు "జన్మభూమి" అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపారు. ఇక్కడినుంచే ముట్నూరి కృష్ణారావుగారు "కృష్ణాపత్రిక"ను తెలుగులో వెలిగించారు. ఒక వూళ్ళో రెండు భాషలూ తలెత్తుకుని నడవగలవని చెప్పడానికి మనం వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.

చివరగా రెండు సూచనలు. ఒకటి గురువులకు: తప్పు కింద ఎర్రగీత గీసి వూరుకోకుండా, దాని పక్కన అసలు తెలుగు వాక్యాన్ని రాయించండి. రెండూ పక్కపక్కన వుంటే విద్యార్థికి దారి తప్పిన చోటు తనకే కనిపిస్తుంది. రెండోది విద్యార్థి సంఘానికి: ఏడాదికోసారి వక్తృత్వపు పోటీ పెట్టి, బాగా వచ్చినవాళ్ళకే కప్పులు ఇవ్వడంతో సరిపెట్టకండి. వారానికి ఒక సాయంత్రం, రానివాళ్ళు మాత్రమే మాట్లాడే సభ పెట్టండి. అక్కడ ఒకటే నిబంధన వుండాలి – ఎవరైనా దిద్దవచ్చు, ఎవరూ నవ్వకూడదు.

ఖర్చు లేని పని. గోడ వైపు చూసే ఆ కుర్రాడు ఎదుటి మనిషి వైపు చూసి మాట్లాడటం అక్కడే మొదలవుతుంది.