కాన్పు సెలవు జీతం ఎవరికి?
కూలి తల్లికి దక్కేది పన్నెండు రోజుల కూలే

పలాస: తొలి కాన్పు పుట్టింట జరగటం మన పల్లెల్లో ఆనవాయితీ. పురిటి ఖర్చు పుట్టింటివారిది. మరి ఆ నెలల్లో పోయే కూలి ఎవరిది? ఈ లెక్క ఏ ఇంట్లోనూ ముందుగా వేసుకోరు. బిడ్డ పుట్టిన మూడో నెలలో అప్పు రూపంలో అదే గుమ్మం ఎక్కుతుంది.

కాన్పు సమయంలో పనిచేసే స్త్రీకి జీతంతో సెలవు ఇవ్వాలన్న చట్టం 1961లోనే వచ్చింది. 2017లో దానిని సవరించి 12 వారాల సెలవును 26 వారాలకు పెంచారు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి రావడంతో పాత చట్టంలోని హక్కులు అందులో చేరాయి. అయితే ఈ హక్కు అందరు తల్లులకూ ఒకే తీరుగా అందటం లేదు. తల్లులు మూడు తరగతులుగా విడిపోయి ఉన్నారు.

నెల జీతం తల్లి

మొదటి తరగతి ప్రభుత్వ ఉద్యోగినులు. వీరికి 180 రోజులు పూర్తి జీతంతో సెలవు ఉన్నది. తండ్రి ప్రభుత్వోద్యోగి అయితే అతనికీ 15 రోజుల సెలవు దొరుకుతుంది. ప్రైవేటు సంస్థల్లో పనిచేసే తండ్రికి మాత్రం ఇటువంటి సెలవు ఇచ్చి తీరాలనే చట్టం లేదు.

ఫ్యాక్టరీ తల్లి

రెండో తరగతి ఫ్యాక్టరీల్లోను, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలు, సంస్థల్లోను ఉన్న స్త్రీలు. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు పనికి వెళ్లే ఆడవారిలో ఎందరో ఈ లెక్కలోకి వస్తారు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ యజమాని వద్ద పని చేసి ఉంటే చాలు. మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు, ఆపైన 12 వారాలు సెలవు రావాలి. 26 వారాల్లో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. గర్భస్రావం జరిగినా 6 వారాల సెలవు ఉన్నది.

రోజు కూలివారికి ఇది వర్తించదన్న మాట కొందరు మేస్త్రీలు చెబుతుంటారు. అది నిజం కాదు. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలు మీద పనిచేసిన స్త్రీల కేసులో సుప్రీంకోర్టు 2000 మార్చి 8న ఈ సంగతి తేల్చింది. రోజు కూలి స్త్రీకి కూడా కాన్పు సెలవు హక్కేనని తీర్పు చెప్పింది.

డబ్బు లెక్కలోనూ మోసపోకూడదు. సెలవుకు వెళ్లే ముందు మూడు నెలల్లో పని చేసిన రోజులకు వచ్చిన కూలిని సగటు తీస్తారు. ఆ సగటును సెలవు రోజులతో హెచ్చిస్తారు. ఆదివారాలను మినహాయించడానికి వీల్లేదని 1977లోనే ఒక తోట కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సగటు కూలి 400 రూపాయలు అనుకుంటే 26 వారాలకు, అంటే 182 రోజులకు, 72,800 రూపాయలు రావాలి. ఆదివారాలు తీసేసి 156 రోజులకే కడితే 62,400 వస్తుంది. పదివేల నాలుగు వందలు అక్కడే పోతాయి.

కాన్పుకు ముందు సెలవు డబ్బు గర్భం రుజువు చూపిన మీదట ముందుగానే ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో చెల్లించాలి. సెలవులో ఉండగా పనిలోంచి తీసివేయటం చట్టవిరుద్ధం. కాన్పు అయిన 6 వారాల వరకు ఆమెను పనిలో పెట్టుకోవటమే నేరం.

అయినా హక్కు కాగితం మీదే ఎందుకు ఆగిపోతున్నది? ఈఎస్‌ఐ లేని చోట ఈ డబ్బంతా ఒక్క యజమానే భరించాలి. దానితో పెళ్లయిన పడుచులను పనిలో పెట్టుకోవటానికే కొందరు వెనుకాడుతున్నారు. ఈఎస్‌ఐ ఉన్న చోట యజమాని కూలిలో 3.25 శాతం, కార్మికురాలు 0.75 శాతం కడతారు. కాన్పు జీతం ఆ నిధి నుంచి వస్తుంది. భారం ఒకరి నెత్తిన పడదు. అయితే ముందటి రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజులకు చందా పడి ఉండాలి. పేరు హాజరు పుస్తకంలో లేకపోతే ఈ దారీ మూసుకుపోతుంది.

పొలం తల్లి

మూడో తరగతి పెద్దది. నాట్లకు, కలుపుకు, కోతకు వెళ్లే తల్లికి యజమాని రోజుకొకరు. 80 రోజుల లెక్క ఎవరి దగ్గర చూపాలి? ఆమెకు ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి బిడ్డకు 5,000 రూపాయలు రెండు వాయిదాల్లో, 3,000, 2,000గా ఇస్తారు. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఒకేసారి ఇస్తారు. మొదటి వాయిదాకు గర్భం నమోదు, ఒక పరీక్ష చాలు. రెండో దానికి బిడ్డ పుట్టుక నమోదు, తొలి విడత టీకాలు కావాలి.

రోజుకు 400 చొప్పున చూస్తే 5,000 అంటే పన్నెండు రోజుల కూలి. కాన్పుకు ముందు రెండు నెలలు, తరువాత మూడు నెలలు ఆగినా, నెలకు 20 రోజుల పని లెక్కన 40,000 పోతుంది. కనీసం 6,000 ఇవ్వాలని ఆహార భద్రతా చట్టం 2013లో చెప్పింది. అప్పటి నుంచి కూలి పెరిగింది, ధర పెరిగింది, ఈ అంకె మాత్రం పెరగలేదు. దాని ఫలితం కళ్లెదుటే ఉన్నది. పచ్చి బాలింత నెల తిరగకుండానే పొలం గట్టున చీర ఉయ్యాల కట్టి కలుపులోకి దిగుతున్నది.

ఇంట్లో చేయవలసినది

నెల తప్పిన వెంటనే ఆశా కార్యకర్త వద్దగాని, అంగన్వాడీలోగాని పేరు నమోదు చేయించుకోవాలి. బ్యాంకు ఖాతా తల్లి పేరునే ఉండాలి, ఆధార్‌తో కలిసి ఉండాలి. ఫ్యాక్టరీకి వెళ్లేవారు కూలి చీటీలు దాచుకోవాలి. సెలవు కోరుతూ కాగితం రాసి ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. డబ్బు ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. భవన నిర్మాణ పనికి వెళ్లేవారు సంక్షేమ మండలిలో పేరు ఉంటే ప్రసూతి సాయం కోరవచ్చు. 12 నెలల్లో 90 రోజుల పని చూపితే నమోదుకు అర్హత వస్తుంది.

పొదుపు సంఘంలో నెలకు 500 వేసినా ఆరు నెలలకు 3,000 అవుతుంది. పోయే 40,000 ముందు అది ఏపాటి? ఇంటి పొదుపుతో తీరే సమస్య కాదిది. ఫ్యాక్టరీ తల్లికి 26 వారాలు అవసరమని ఒప్పుకున్న ప్రభుత్వమే పొలం తల్లికి పన్నెండు రోజులు చాలని ఎలా అనుకుంటున్నదో చెప్పాలి. ఇద్దరి ఒడిలోనూ ఉన్నది పసిబిడ్డే కదా!