ఆకాశంలో గంట, నేల మీద పూట

జగ్గయ్యపేట: గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన సూటిగా కొలిస్తే సుమారు 265 కిలోమీటర్లు. విమానానికి గంట చాలు. ఆ సూటి రేఖ నందిగామ, జగ్గయ్యపేటలకు చేరువలోనే పోతుంది. అయినా మెట్ట ప్రాంత ప్రజలకు ఆ గంట అక్కరకు రావడం లేదు.

జగ్గయ్యపేట వాసి విమానంలో హైదరాబాద్ వెళ్లదలిస్తే ముందు దాదాపు వంద కిలోమీటర్లు వెనక్కి నడిచి గన్నవరం చేరాలి. బస్సులు మారి వెళ్లేసరికి రెండు గంటలు దాటుతుంది. తనిఖీల కోసం మరో గంటన్నర. శంషాబాద్‌లో దిగాక నగరంలోకి ఇంకో గంట. ఇంతా చేసి ఎగిరేది తన ఊరి పక్కగానే! ఈలోగా నాలుగు గంటల బస్సు ఎల్బీ నగర్‌లో దింపేసి ఉంటుంది.

అసలు చిక్కు విదేశాలకు వెళ్లేవారిది. అమెరికాలోని పిల్లల దగ్గరకు బయలుదేరే తల్లిదండ్రులకు ఎక్కువగా శంషాబాదే దిక్కు. అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల రోడ్డు. ఆ గంటలు టిక్కెట్టు మీద ఉండవు. పెద్దఅంబర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కితే నగరం రద్దీ తప్పుతుంది, అంతవరకు మేలు.

అయితే ఉన్నది ఒకటే ప్రధాన రహదారి. 2023 జూలైలో మునేరు పొంగి ఐతవరం వద్ద రాకపోకలు నిలిచాయి. అది గన్నవరం వైపు దారి. 2024 సెప్టెంబరు వరదకు గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతిన్నది. అది హైదరాబాద్ వైపు దారి. వానాకాలం టిక్కెట్టు కొన్నవారు ముందురోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట దిగడం క్షేమం. ఆ రాత్రిని కూడా ప్రయాణ కాలంలో కలుపుకోవాలి మరి.